ధనుష్కోటి స్టేషన్: టిక్కెట్టు లెక్కకు అందని మనుషులు

రామేశ్వరం పోయిన మనవాళ్ళం చాలామందిమి ధనుష్కోటి దాకా వెళ్ళి, ఇసుకలో మిగిలిన మొండిగోడల ముందు ఫోటో తీసుకుని వస్తాం. అందులో ఒకప్పటి రైల్వే స్టేషన్ గోడలూ ఉన్నాయి. ఆ స్టేషన్ కథ మన పిల్లలకు తెలియాలి.

మద్రాసు నుండి కొలంబో పోయేవారు మొదట్లో తూత్తుకుడి వరకు రైల్లో వచ్చి ఓడ ఎక్కేవారు. 1914 ఫిబ్రవరి 24న పాంబన్ వంతెన తెరిచాక దారి మారింది. రైలు ధనుష్కోటి రేవుకే వచ్చేది. అక్కడ స్టీమరెక్కితే కొద్ది గంటల్లో తలైమన్నార్, అక్కడి నుండి మళ్ళీ కొలంబో రైలు. అందుకే దాన్ని బోట్ మెయిల్ అన్నారు. ఈ రైలు వల్లే ఇసుకతిప్ప మీద ఒక ఊరు నిలబడింది.

మన రాజపాళయానికి రైలు 1927లో వచ్చింది. అప్పటి నుండి తళవాయిపురం చుట్టుపక్కల వారికి కూడా విరుదునగర్, మదురై, మానామదురై మీదుగా సేతు స్నానానికి రైలు దారి దొరికింది. గంగలో కలపడానికి మూటగట్టుకునే ఇసుక అక్కడిదే కదా!

1964 డిసెంబర్ 22 రాత్రి పాంబన్ నుండి బయలుదేరిన 653 నంబరు ప్యాసింజరు ధనుష్కోటి చేరబోతుండగా తుఫాను అల మింగేసింది. ఒక్కరూ మిగల్లేదు. అప్పుడు రామేశ్వరంలో ఉన్న మన సావిత్రి, జెమినీ గణేశన్ అక్కడే చిక్కుకుపోయారు.

దెబ్బతిన్న పాంబన్ వంతెనను ఇ. శ్రీధరన్ గారి బృందం 46 రోజుల్లో బాగుచేసింది. ధనుష్కోటిని మాత్రం నివాసానికి పనికిరాదని వదిలేశారు. 2025 ఏప్రిల్‌లో తెరిచిన కొత్త వంతెన దాటిన రైలు కూడా రామేశ్వరంలోనే ఆగుతుంది.

ఆ రైల్లో పోయినవారు 110 మంది ప్రయాణికులు, ఐదుగురు సిబ్బంది అని లెక్క చెబుతారు. అది టిక్కెట్లను బట్టి వేసిన లెక్క. టిక్కెట్టు లేకుండా ఎక్కినవారు ఏ కాగితంలోనూ లేరు.

మనకూ ఇందులో ఒక పాఠం ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్ళో తమిళం చదివిన మన పెద్దల జ్ఞాపకాలు ఏ కాగితానికి ఎక్కాయి? 1964కు ముందు ధనుష్కోటికి రైల్లో పోయినవారికి ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. మీ ఇంట్లో అవ్వో తాతో అలాంటివారుంటే ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి. తెలుగు రాయడం రాకపోయినా ఫర్వాలేదు, సెల్‌ఫోన్‌లో వారి మాట రికార్డు చేసి సంఘానికి పంపండి. మనం దాచుకోకపోతే మనవారి కథ ఇంకెవరు దాస్తారు?