మాజీ సైనికుల వెన్ను, కీళ్ల గాయాలు - వైకల్య పింఛను నిబంధనలు

సైనిక సేవలో వెన్ను, కీళ్లు దెబ్బతిన్న స్థితిలో పదవీ విరమణ చేసిన వారు వైకల్య పింఛను పొందడానికి ప్రధానంగా రెండు షరతులు వర్తిస్తాయి. వైకల్యం సైనిక సేవ కారణంగా కలిగినదైనా, సేవ వలన తీవ్రమైనదైనా అయి ఉండాలి. వైద్య మండలి దానిని 20 శాతానికి తగ్గకుండా నిర్ధారించాలి. చిక్కంతా మొదటి షరతులోనే ఉన్నది.

కాలు కోల్పోయిన సైనికుని వైకల్యం చూడగానే తెలుస్తుంది. డిస్కు జారడం, వెన్నుపూస అరుగుదల, మోకాలి లిగమెంటు తెగడం కంటికి కనిపించేవి కావు. విధి నిర్వహణలో పడి గాయపడిన సందర్భంలో ఐ.ఏ.ఎఫ్.వై-2006 ఫారంలో గాయం నివేదిక నమోదవుతుంది. ఏళ్ల తరబడి బరువు మోసి, కొండదారుల్లో భారీ వాహనాలు నడిపి నడుము అరిగిన వారికి అటువంటి ఒక్క కాగితం ఉండదు. ఆసుపత్రి రికార్డులు, వైద్య కేటగిరీ మార్పుల నమోదులే వారికి ఆధారం. ఇంటికి చేరాలన్న ఆత్రంతో విరమణకు ముందు జరిగే వైద్య పరీక్షలో నొప్పిని చెప్పకపోవడం పెద్ద నష్టమే.

ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013 జూలై 2న ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ముఖ్యమైనది. చేరేనాటి వైద్య పరీక్షలో నమోదు కాని వ్యాధి తరువాత బయటపడి, దాని కారణంగా సైనికుని సేవ నుండి తొలగిస్తే, అది సేవ వలననే కలిగినదని భావించాలని, రుజువు భారం సైనికునిపై లేదని 1982 నిబంధనలను వ్యాఖ్యానిస్తూ న్యాయస్థానం పేర్కొన్నది.

నూరు శాతం వైకల్యానికి చివరి వేతనంలో 30 శాతం వైకల్య భాగంగా లెక్కిస్తారు. రూ. 40,000 వేతనంపై ఇది రూ. 12,000, 20 శాతం వైకల్యానికి రూ. 2,400 మాత్రమే. అయితే 50 శాతం లోపు వైకల్యాన్ని 50 శాతంగా పరిగణించే వెసులుబాటు వర్తిస్తే అది రూ. 6,000 అవుతుంది. వైకల్యం కారణంగా మధ్యలో తొలగింపబడిన వారికే పరిమితమైన ఈ వెసులుబాటు, సేవాకాలం పూర్తిచేసిన వారికి కూడా వర్తిస్తుందని రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబర్ 10న తీర్పు వెలువడింది. 2023 సెప్టెంబర్ 21 నుండి విరమణ చేసిన వారికి కొత్త అర్హతా నిబంధనలు వర్తిస్తాయి. అంతకుముందు విరమణ చేసిన వారు పాత నిబంధనల పరిధిలోనే ఉంటారు.

తిరస్కరణ ఉత్తర్వు అందిన ఆరు నెలల్లోగా మొదటి అప్పీలు, అదీ విఫలమైతే రెండవ అప్పీలు చేసుకోవచ్చు. ఆ తరువాతి మెట్టు 2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్. తెలంగాణ దాని చెన్నై ధర్మాసనం పరిధిలోనిది. హైదరాబాదులోనూ విచారణలు జరిపిన సందర్భాలున్నాయి. ఆదిలాబాద్ నుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. నడుము నొప్పి గల మనిషికి అది చిన్న ప్రయాణం కాదు. అందుచేత దరఖాస్తులు సిద్ధం చేసుకొనే దశలోనే కరీంనగర్, ఆదిలాబాద్ సైనిక సంక్షేమ కార్యాలయాల సహాయం పొందడం మేలు. డిశ్చార్జి బుక్కు, పింఛను ఉత్తర్వు, వైద్య మండలి నివేదిక ప్రతులను అప్పీలుకు జతపరచాలి. నివేదిక ప్రతి లేనివారు తమ రికార్డు కార్యాలయం నుండి సమాచార హక్కు చట్టం, 2005 కింద కోరవచ్చు.