ఒక్క వేటుతో ముగియు ఆట

1997లో జపానునకు చెందిన లైట్‌వెయిట్ సంస్థ నిర్మించిన ‘బుషిడో బ్లేడ్’ అను వీడియో ఆటను స్క్వేర్ సంస్థ వెలువరించెను. నాటి పోరాటపు ఆటలలో దెబ్బదెబ్బకు తరుగు బలసూచిక తెరపై నుండుట పరిపాటి. ఇందులో అది లేదు; కాలపరిమితియు లేదు. మర్మస్థానమున ఒక్క వేటు తగిలిన పోరు ముగియును.

పోరు త్వరగా ముగియుచున్నదని కొందరు ఆటగాండ్రు పెదవి విరిచిరి; అదను కొరకు కాచుకొనుటయే అసలు నేర్పని మరికొందరు మెచ్చిరి.

ఒక్క వేటు అతిశయోక్తి కాదని లోహశాస్త్రము చెప్పును. జపాను కమ్మరి కత్తి వెన్నుకు మందముగా, అంచుకు పలుచగా మట్టి పూసి, ఎర్రగా కాల్చి నీట ముంచును. త్వరగా చల్లారిన అంచు మిక్కిలి కఠినమగును. మెల్లగా చల్లారిన వెన్ను పెళుసెక్కక దెబ్బను తాళును. ఇట్టి కత్తి ముందు మానవదేహమునకు రెండవ అవకాశము అరుదు. ఆ సత్యమును ఈ ఆట దాచలేదు.