పనులకు వరుస కూర్చిన చిత్తూరు సీమ బిడ్డ

తిరుత్తణి, తిరువళ్ళూరు నేడు ఒకే జిల్లాలోనివి. కాని 1960 ఏప్రిల్ 1కి పూర్వం తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఒక తాలూకా. పటాస్కర్ తీర్పు ననుసరించి ఆనాడు ఆ తాలూకాలో అధిక భాగం మద్రాసు రాష్ట్రానికీ, తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామాలు ఆంధ్రకూ చెందినవి. సరిహద్దు మారినది గాని చుట్టరికాలు మారలేదు.

తిరుత్తణి అనగానే 1888లో అక్కడ జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు స్ఫురిస్తారు. ఆ తాలూకా చిత్తూరు జిల్లాలో ఉన్న రోజులలోనే, 1937లో, అదే జిల్లాలోని కాటూరులో ఒక రైతు ఇంట దబ్బల రాజగోపాల్ రెడ్డి గారు జన్మించారు. 1958లో గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టం పుచ్చుకొని, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనారు. లోకం ఆయనను రాజ్ రెడ్డి అని పిలుస్తుంది.

మనిషి మాటను యంత్రానికి తెలియజెప్పటం ఆయన పూనిక. 1970వ దశకంలో ఎర్మన్, లెస్సర్, హేస్-రాత్ ప్రభృతులతో కలిసి నిర్మించిన 'హియర్సే-2' లో ధ్వని, పదం, వాక్యం తెలిసిన వేర్వేరు ప్రోగ్రాములు నిపుణులవలె ఒక నల్లబల్లపై తమ ఊహలు వ్రాసేవి. అందరూ ఒక్కమారే వ్రాయబోతే గందరగోళమే గదా! పెండ్లి వంటశాలలో పదిమంది ఉన్నా, ఏ గాడిపొయ్యి మీదికి ముందు ఏది ఎక్కాలో వంటమేస్త్రీయే చెప్పాలి. ఇక్కడ ఆ పని 'షెడ్యూలరు'ది. వేచియున్న పనులలో దేనివల్ల ఫలం ఎక్కువో అంచనా కట్టి, దానికే ముందు అవకాశమిచ్చేది.

ఒకే పనిని అనేక ప్రాసెసర్లకు పంచితే ఏమగునో కూడ వారు పరిశోధించారు. వేగం పెరిగింది. కాని ఒకరు వ్రాస్తుండగా మరొకరు ముట్టకుండ వేసిన తాళాలే ఆ లాభంలో చాల భాగం మ్రింగినవి. చేతులు పెరిగినంత మాత్రాన పని తరగదన్నమాట.

1976 పరీక్షలో, సుమారు వేయి మాటల పరిధిలో, అక్కడిదే అయిన 'హార్పీ' మరింత మెరుగుగా నెగ్గింది. అయినా నల్లబల్ల పద్ధతి ఇతర శాస్త్ర శాఖలకు ప్రాకింది. 1994లో ఫైగెన్‌బామ్ గారితో కలిసి రెడ్డిగారు ట్యూరింగ్ బహుమతి నందుకొన్నారు.

మన సంఘాలలో చేతులకు కొదవ లేదు, వరుసయే కావాలి. ఈ ఉగాదినాడు చిత్తూరు సీమ బిడ్డ చరిత్ర మన పిల్లలకు చెప్పుదము.