మా అత్తయ్యగారి తీర్పులు

మా అత్తయ్యగారికి ఇంట్లో దేనిమీదా అభిప్రాయం ఉండదు. పొలం అమ్మినప్పుడూ, ఆడపడుచు పెళ్లి కుదిరినప్పుడూ ఒకటే మాట: "నాదేముంది, మీ ఇష్టం." టీవీలో పాత సినిమా మొదలైందా, ఇక ఆవిడే హైకోర్టు. తీర్పు ఒక్క వాక్యం. అప్పీలు లేదు.

'మాయాబజార్'లో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఎస్వీ రంగారావు నోట్లో పడుతుంటే అందరం నవ్వుతాం. ఆవిడ మాత్రం, "మీ మావయ్యగారు కూడా అన్నం అలాగే వస్తుందనుకుంటారు" అన్నారు. మావయ్యగారు పేపరు ఇంకాస్త పైకెత్తారు.

ఆవిడ కోర్టులో ఎక్కువసార్లు నిలబడేది మాత్రం భానుమతి. 'మిస్సమ్మ'లో ముందు ఆవిడే కథానాయిక. కొంత షూటింగ్ అయ్యాక నిర్మాత చక్రపాణితో మాట తేడా వచ్చి తప్పుకున్నారు. చిన్న పాత్రకి తీసుకున్న సావిత్రికి ఆ వేషం దక్కింది, సావిత్రి వదిలిన పాత్ర జమునకి వెళ్లింది. 1955లో సినిమా వచ్చింది, సావిత్రి దశ తిరిగింది. అత్తయ్యగారి తీర్పు: "కోపమొచ్చి ఒకరు తోసేసిన విస్తరి, ఇంకొకరికి విందు భోజనం."

"అయితే భానుమతి తప్పు చేసిందంటారా?" అన్నాను.

"తోసేసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?" అన్నారు. కొట్టివేసిన కేసులోనే మెచ్చుకోలు!

సరే, అసలు సంగతికొస్తాను. బాబు పుట్టినప్పుడు టీచరు ఉద్యోగం మానేశాను. ఆరేళ్ల తరవాత మొన్న వేసవిలో ఒక స్కూలువాళ్లు రమ్మన్నారు. ఇంట్లో వారం రోజులు చర్చ. అత్తయ్యగారిని అడిగితే షరా మామూలే: "మీ ఇష్టం."

ఆ ఆదివారం ఫోన్లో 'స్వర్గసీమ' పెట్టాను. 1939లో 'వరవిక్రయం'తో వచ్చిన భానుమతి, 1943లో రామకృష్ణారావుగారిని ప్రేమించి పెళ్లి చేసుకున్నాక ఇక సినిమాలు చాలనుకున్నారు. బి.ఎన్.రెడ్డిగారు పట్టుబట్టి 'స్వర్గసీమ'లో వేషం వేయించారు. 1945లో అది విడుదలయ్యాక ఆవిడ వెనక్కి చూడలేదు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడింట్లోనూ తనే డైరెక్ట్ చేశారు. చాలదన్నట్టు 'అత్తగారి కథలు' రాసి, అత్తల్ని తిట్టకుండానే అందరినీ నవ్వించారు.

ఇదంతా చెబుతుంటే అత్తయ్యగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నారు. "ఆవిడ పెళ్లయ్యాక స్టూడియో కట్టుకుంది. మేం పెళ్లయ్యాక పొయ్యి కట్టుకున్నాం" అన్నారు.

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఆవిడ సంగతి వేరు అత్తయ్యా. నాకు చిన్న పిల్లాడున్నాడు కదా."

"ఆ స్టూడియో పేరేంటి?"

"భరణి."

"ఎవరి పేరది?"

"వాళ్లబ్బాయిది."

"మరింకేం?" అని చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని లోపలికెళ్లిపోయారు.

యాభై ఏళ్లుగా ఈ ఇంట్లో ఎవరూ అడగని అభిప్రాయాలన్నీ సినిమావాళ్ల మీద పెట్టి చెప్పుకున్నారని ఆరోజు అర్థమైంది. అవన్నీ జోకులనుకుని ఇన్నాళ్లూ నవ్వేశాం.

జూన్‌లో స్కూల్లో చేరాను. బాబుని మధ్యాహ్నం ఇంటికి తెచ్చేది మావయ్యగారు. అదీ అత్తయ్యగారి తీర్పే. అప్పీలు లేదు.