విమానాశ్రయాలలో బాడీ స్కానర్లు – దేహ గోప్యత

2009 డిసెంబరు 25న డెట్రాయిట్ వెళుతున్న విమానంలో ఒక ప్రయాణికుడు లోదుస్తులలో దాచిన పేలుడు పదార్థాన్ని పేల్చబోయి విఫలుడయ్యాడు. అనంతరం అమెరికా విమానాశ్రయాలలో బాడీ స్కానర్లు విరివిగా వెలిశాయి. నాటి ఎక్స్‌రే యంత్రాలు దుస్తుల చాటునున్న శరీరాకృతిని దాదాపు నగ్నంగా చూపేవి. వేరొక గదిలోని ఉద్యోగి ఆ చిత్రాన్ని పరిశీలించేవాడు. చిత్రాలు నిల్వ ఉండవని అధికారుల హామీ. కానీ ఫ్లోరిడాలోని ఒక న్యాయస్థానంలో ఒక బాడీ స్కానర్ సుమారు 35,000 చిత్రాలను దాచినట్లు 2010లో వెల్లడైంది. జనుల శంక నిరాధారం కాదు.

2012 నాటి చట్టం సొంత రూపానికి బదులు అందరికీ ఒకే రేఖాచిత్రం చూపాలన్నది. అందుకు అనువుకాని ఎక్స్‌రే యంత్రాలను 2013లో తొలగించారు. నేటి యంత్రాలు అనుమానమున్న చోటును మాత్రమే ఆ బొమ్మపై గుర్తిస్తాయి. పిల్లలను చూడ అమెరికా వెళ్ళే మన పెద్దలు, యంత్రం వద్దనుకొంటే, సాధారణంగా చేతి తనిఖీని కోరవచ్చును. స్త్రీలను స్త్రీలే తనిఖీ చేస్తారు.