మంచు పడని ఊళ్ళో కూలెంట్ ఎందుకు? రేడియేటర్ కింది నట్టు చెప్పే కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక బ్రేక్‌డౌన్‌తో మొదలవుతుంది. కారు నాదే, తప్పూ నాదే.

పోయిన ఏడాది మే నెలలో అమ్మానాన్నల్ని తీసుకుని శ్రీశైలం వెళ్ళాను. దర్శనం బాగా అయింది. తిరుగు ప్రయాణంలో డ్యామ్ దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కుతున్నాం. మధ్యాహ్నం రెండు గంటలు, ఏసీ ఫుల్లు, బండి సెకండ్ గేర్‌లో ఉంది. టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి పోతోంది, నేను చూసుకోలేదు. నాన్నే చూసి, "ఒరేయ్, ఆ ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోయిందేంట్రా?" అన్నారు. పక్కకి తీసి ఆపేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి. చుట్టూ నల్లమల అడవి, ఫోన్‌లో సిగ్నల్ లేదు, అమ్మకి బీపీ. దాదాపు రెండు గంటల తర్వాత ఒక డీసీఎం డ్రైవర్ అన్న ఆగి, మమ్మల్ని మన్ననూరు దాకా తీసుకొచ్చాడు. ఆ రెండు గంటలు అమ్మ మొహం చూడలేకపోయాను.

హైదరాబాద్ తీసుకొచ్చాక మెకానిక్ రేడియేటర్ కింది నట్టు విప్పితే బయటికొచ్చింది కూలెంట్ కాదు, ఇరానీ చాయ్ రంగులో తుప్పు నీళ్ళు. హెడ్ గ్యాస్కెట్ పోయింది. బిల్లు 31 వేలు.

ఇది ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఆ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్న కొత్తలో మా ఏరియాలో ఒక గ్యారేజీకి ఇచ్చాను. "కూలెంట్ మార్చాలా అన్నా?" అని అడిగితే ఆయన నవ్వి, "మనకాడ మంచు పడ్తదా తమ్మీ? గది ఫారినోళ్ళ ముచ్చట. నీళ్ళు పోస్తే సాలు" అని బోరు పైపు పెట్టేశాడు. నాకూ కరెక్టే అనిపించింది. బీటెక్ చదివి కూడా తలూపాను.

తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది, ఆయన మాటలో సగం నిజమే. మిగతా సగం ఎక్కడ తప్పిపోయిందో తెలియాలంటే ఇంజన్‌లోంచి నీళ్ళు వదిలేయడం అనే పని ఎలా మారుతూ వచ్చిందో చూడాలి. చరిత్ర మొత్తం ఆ చిన్న నట్టు దగ్గరే ఉంది.

మొదట సమస్య ఏంటో చూద్దాం. ఇంజన్‌లో కాలిన పెట్రోల్ శక్తిలో సుమారు మూడో వంతు చక్రాలకి పోదు, సైలెన్సర్ నుంచీ పోదు, ఇంజన్ గోడల్లోకి వేడిగా దిగుతుంది. దాన్ని ఎవరో ఒకరు మోసుకెళ్ళి బయట పారేయాలి. ఆ పనికి నీళ్ళని మించిన కూలీ లేడు. చవక, ఎక్కడైనా దొరుకుతాయి, వేడి మోసే సామర్థ్యం చాలా ఎక్కువ. అందుకే మొదటి కార్లన్నీ నీళ్ళ మీదే నడిచాయి.

1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల బండిలో ఇవాళ మనం చూసే రేడియేటర్ లేదు. నీళ్ళు మరిగి ఆవిరైపోతూ ఇంజన్‌ని చల్లబరచాలి, అంతే. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని, భర్తకి చెప్పకుండా, ఆ బండి మీద మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. 100 కిలోమీటర్ల పైనే. దారిలో మందుల షాపులో ఇంధనం కొన్న సంగతి చాలామంది చెప్తారు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం నీళ్ళ సంగతి. దారి పొడుగునా సత్రం కనపడితే అక్కడ, వాగు కనపడితే అక్కడ ఆగి నీళ్ళు పోసుకుంటూ వెళ్ళింది. నల్లమలలో రెండు బిస్లరీ బాటిళ్ళు చేతిలో పట్టుకుని నిలబడ్డ నాకు ఆవిడ బాగా దగ్గరి మనిషి అనిపించింది.

1900 చివర్లో విల్‌హెల్మ్ మేబాక్ ఈ ఆవిరి గొడవకి మంచి పరిష్కారం కనిపెట్టాడు. కొత్త మెర్సిడెస్ 35 హెచ్‌పీ బండికి తేనెపట్టు లాంటి రేడియేటర్ చేశాడు. అందులో 8,070 చిన్న చిన్న గొట్టాలు. గాలి వాటిలోంచి దూసుకుపోతుంటే చుట్టూ ఉన్న నీళ్ళు చల్లబడతాయి. దీంతో నీళ్ళు ఆవిరై పోకుండా మళ్ళీ మళ్ళీ తిరిగే పద్ధతి గట్టిపడింది. మీ కారు ముందు జాలీ వెనక ఉన్నది ఆ ఐడియా మనవడే.

ఆ తర్వాత 1908లో ఫోర్డ్ మోడల్ టీ వచ్చింది. తొలి కొన్ని వేల బండ్లు వదిలేస్తే దానికి వాటర్ పంప్ కూడా లేదు. వేడి నీళ్ళు తేలికై పైకి పోతాయి, చల్లవి కిందికి దిగుతాయి, ఆ కదలికే పంప్. ఇలాంటి చవక బండ్ల వల్ల కారు రైతుల ఇళ్ళకి చేరింది. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో చలికాలం అంటే తెలుసుగా. నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ఇంజన్ బ్లాక్ లోపల అలా ఉబ్బితే పోత ఇనుము పగిలిపోతుంది. రాత్రికి రాత్రి ఇంజన్ పోయినట్టే.

అందుకే చాలామంది ఏం చేసేవారంటే, సాయంత్రం బండి ఆపగానే కింద నట్టు తిప్పి నీళ్ళన్నీ వదిలేసేవారు. పొద్దున్నే పొయ్యి మీద నీళ్ళు కాచి మళ్ళీ పోసేవారు. అంటే ఇవాళ మనం ఏళ్ళకోసారి చేసే పని, వాళ్ళకి రోజూ ఉండేది. మన దగ్గర పశువుల్ని కట్టేసి కుడితి పెట్టినంత మామూలుగా చేసేవారన్నమాట.

రోజూ ఆ తిప్పలు ఎవరు పడతారు? నీళ్ళలో ఏదో ఒకటి కలపడం మొదలైంది. ఉప్పు లాంటి కాల్షియం క్లోరైడ్ కలిపితే గడ్డకట్టదు, కానీ లోహాన్ని తినేస్తుంది. గ్లిజరిన్ చిక్కగా ఉంటుంది. ఆల్కహాల్ చవక, బాగా పనిచేస్తుంది, కానీ నీళ్ళకంటే ముందే మరిగి ఎగిరిపోతుంది, మంట అంటుకునే భయం కూడా ఉంది. వారం వారం మళ్ళీ పోస్తూ ఉండాలి.

ఇక్కడ మన కథానాయకుడు వస్తాడు, పేరు ఇథిలీన్ గ్లైకాల్. దీన్ని 1850ల్లోనే ఫ్రెంచ్ కెమిస్ట్ షార్ల్ అడాల్ఫ్ వుర్ట్జ్ తయారుచేశాడు. చాలా ఏళ్ళు దీనికి పెద్దగా పని లేదు. తర్వాత పేలుడు పదార్థాల వాళ్ళు దీన్ని వాడారు, ఎందుకంటే దీనితో చేసిన డైనమైట్ చలికి గడ్డకట్టదు. 1927లో అమెరికాలో ప్రెస్టోన్ అనే పేరుతో ఇది కార్ల కోసం డబ్బాల్లో వచ్చింది. ఇది ఎగిరిపోదు. విడిగా ఇది మరిగేది సుమారు 197 డిగ్రీల దగ్గర.

దీనిలో ఒక తమాషా ఉంది. విడిగా గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. నీళ్ళు సున్నా దగ్గర. రెండూ సగం సగం కలిపితే మాత్రం మైనస్ 37 దాకా గడ్డకట్టదు. విడివిడిగా ఎవరూ అంత దూరం రాలేరు, కలిస్తేనే బలం.

అదే సమయంలో విమానాల వాళ్ళు దీన్ని పూర్తిగా వేరే కారణంతో వాడారు. ఇది మన మెకానిక్ అన్నకి చెప్పాల్సిన ముక్క. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు ఇంకా ముందే మరుగుతాయి. గ్లైకాల్ అయితే మరగకుండా ఎక్కువ వేడి మోస్తుంది కాబట్టి చిన్న రేడియేటర్ చాలు, గాలి అడ్డం తగ్గుతుంది, విమానం వేగం పెరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ నడిపిన రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్‌లో మొదట పూర్తిగా గ్లైకాలే పోశారు. తర్వాత వాళ్ళు మనసు మార్చుకుని 70 శాతం నీళ్ళు, 30 శాతం గ్లైకాల్‌కి వచ్చి, సిస్టమ్‌ని ఒత్తిడిలో పెట్టారు. ఎందుకంటే వేడి మోయడంలో నీళ్ళే గొప్ప. గ్లైకాల్ సామర్థ్యం అందులో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే.

"నీళ్ళు సాలు" అన్న మాటలో సగం నిజం అన్నది ఇందుకే. కానీ మరిగే నీళ్ళు చాలవు. మీ రేడియేటర్ మూత స్ప్రింగ్‌తో ఒత్తిడి పట్టి ఉంచుతుంది. మామూలు 15 పీఎస్ఐ మూత ఉంటే వట్టి నీళ్ళు సుమారు 120 దగ్గర మరుగుతాయి, సగం కూలెంట్ కలిస్తే సుమారు 129 దగ్గర. మే నెల ఘాట్‌లో ఆ 9 డిగ్రీలు విలువైనవే.

మళ్ళీ నట్టు దగ్గరికి వద్దాం. గ్లైకాల్ వచ్చాక రోజూ వదిలే పని పోయింది. అప్పుడు అలవాటు ఇలా ఉండేది: చలికాలం ముందు యాంటీఫ్రీజ్ పోయడం, వేసవి రాగానే వదిలేసి నీళ్ళు పోయడం. ఏడాదికి రెండుసార్లు. 1960ల్లో తుప్పు పట్టనివ్వని మందులు బాగుపడ్డాక, ఏడాది పొడుగునా ఉంచే కూలెంట్ మామూలైంది. రెండేళ్ళకోసారి మారిస్తే చాలు. 1990ల్లో ఆర్గానిక్ యాసిడ్ రకం వచ్చి, దాన్ని ఐదేళ్ళకి లాగింది.

గ్లైకాల్ అదే, నీళ్ళూ అవే. మారింది ఆ కొద్ది శాతం మందు. ఇంజన్‌లో ఇనుము, అల్యూమినియం పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో నీళ్ళు. నేను చదివింది ఈసీఈ, నాకైతే అది చూడగానే బ్యాటరీ కనపడింది. ఒక లోహం ఇంకో లోహాన్ని తింటుంది. పైగా గ్లైకాల్ వేడికి మెల్లగా పాడై యాసిడ్లు పుట్టిస్తుంది. మందు ఈ రెంటితో పోరాడి పోరాడి ఖర్చైపోతుంది. కూలెంట్ మార్చమనేది అందుకే. చల్లదనం అయిపోయిందని కాదు, కాపలావాడు అయిపోయాడని.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక జబ్బు ఉంది. ఒక ఫంక్షన్‌కి ఎప్పుడో ఒక పేరు పెడతారు. తర్వాత దానికి ఇంకో నాలుగు పనులు అంటగడతారు, పేరు మాత్రం మార్చరు. కొత్తగా చేరినవాడు పేరు చూసి "ఇది మనకి అక్కర్లేదు" అని తీసేస్తాడు. ప్రొడక్షన్ పడిపోతుంది. యాంటీఫ్రీజ్ విషయంలో జరిగింది ఇదే. మంచు కోసం పుట్టింది, తర్వాత మరగనివ్వకపోవడం, తుప్పు ఆపడం దాని అసలు ఉద్యోగాలయ్యాయి. మనం పాత పేరు చూసి తీసేశాం.

బోరు నీళ్ళు ఇంకా ఘోరం. మీ బకెట్ అంచున తెల్లటి గార చూశారుగా, అదే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. నీళ్ళ కాఠిన్యం ఎంత పెద్ద విషయమంటే, యూరప్ కంపెనీలు గార కడుతుందనే భయంతో కూలెంట్‌లో ఫాస్ఫేట్ వద్దన్నాయి. జపాన్ వాళ్ళు వాటర్ పంప్ సీళ్ళు పాడవుతాయని సిలికేట్ వద్దన్నారు. అందుకే రెండు రకాలు కలపకూడదు. పచ్చ, ఎరుపు, నీలం అని రంగు చూసి కొనొద్దు. రంగుకి అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు. మాన్యువల్‌లో రాసిన రకమే కొనండి.

రిపేర్ అయ్యాక ఈసారి కూలెంట్ నేనే మార్చాలని పంతం పట్టాను. ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీశాను. వేడిలో తీస్తే మొహం కాలుతుంది, ఎప్పుడూ తీయకండి. కింద బేసిన్ పెట్టి నట్టు విప్పాను. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాను. సగం సగం కలిపి పోసి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, ఇంజన్ నడిపి, లోపలి గాలి బుడగలు పోయాక మళ్ళీ నింపాను. చూస్తే గంటన్నర పని.

ఆ మధ్యలో చెయ్యి కడుక్కోవడానికి పైకి వెళ్ళొచ్చాను. వచ్చేసరికి మా వాచ్‌మన్ కూతురు, నాలుగేళ్ళ పాప, బేసిన్ పక్కన కూర్చుని ఉంది. రిపేర్‌లో పోసిన కొత్త కూలెంటే కాబట్టి పచ్చగా మెరుస్తోంది. "అన్నా, ఇది రస్నానా?" అంది. నా గుండె ఆగినంత పనైంది. అప్పటికి వేలు కూడా పెట్టలేదు, దేవుడి దయ.

గ్లైకాల్ అనే పేరు గ్రీకులో తీపి అనే మాట నుంచి వచ్చింది. నిజంగానే తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లలు ఇష్టంగా తాగేస్తారు. లివర్ దాన్ని యాసిడ్‌గా మారుస్తుంది, ఆ తర్వాత కిడ్నీలు పోతాయి. పెద్దవాళ్ళకైనా ఒక చిన్న గ్లాసుడు చాలు ప్రాణం మీదకి రావడానికి. 2022లో గాంబియాలో పిల్లల దగ్గు మందుల్లో దొరికిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించిన విషాల్లో ఇదీ, దీని చుట్టం డైఇథిలీన్ గ్లైకాలూ ఉన్నాయి. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం 1991లోనే యాంటీఫ్రీజ్‌లో చేదు కలపాలని చట్టం చేసింది. మీరు కొన్న డబ్బాలో చేదు ఉందో లేదో నమ్మకం పెట్టుకోకండి. ఎవరైనా తాగితే ఏమీ కాలేదులే అని ఆగకుండా డబ్బాతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి. విరుగుడు ఉంది, టైమే ముఖ్యం.

పాతది మోరీలో పోయలేదు. మూత గట్టిగా ఉన్న క్యాన్‌లో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌లో అడిగి ఇచ్చేశాను.

మొన్న సంక్రాంతికి మళ్ళీ శ్రీశైలం వెళ్ళాం. అదే ఘాట్. ఈసారి రోడ్డు కంటే ముల్లునే ఎక్కువ చూశాను, అది మధ్యలోంచి కదల్లేదు. నాన్న కూడా దాన్నే చూస్తున్నారు, ఏమీ అనలేదు. అమ్మ మాత్రం నిద్రపోయింది.

రేపు పొద్దున బండి స్టార్ట్ చేయకముందు ఒకసారి బానెట్ ఎత్తి ఆ ట్యాంక్ రంగు చూడండి. చాయ్ రంగులో ఉంటే ఈ ఎపిసోడ్ మీ కోసమే. మళ్ళీ కలుద్దాం, జాగ్రత్త.