త్రైరాశికం – మన్యపు సంత: ధర, పరిమాణాల లెక్కపై ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం: ఒక వస్తువు ధర తెలిస్తే మరికొంత వస్తువు ధరను కట్టే పద్ధతిని మన గణిత గ్రంథాలు త్రైరాశికం అన్నాయి. అరకులోయ, పాడేరు పరిసరాల తూర్పు కనుమలలోని వారపు సంతల నేపథ్యంలో ఆ సూత్రాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సంతలో గిరిజన ఉత్పత్తిదారుకు కలిగిన నష్టానికి మూలం లెక్క తెలియకపోవడంలో కంటే, కొలమానం స్థిరంగా లేకపోవడంలో ఎక్కువగా ఉందని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలక పదాలు: త్రైరాశికం, వ్యస్త త్రైరాశికం, కుంచం, వీశె, వారపు సంత, మన్యం.

1. ఉపోద్ఘాతం

విశాఖ మన్యంలో వారపు సంతే ప్రధానమైన విపణి. కొండ మీద పండిన వలిసెలు, పసుపు, అల్లం, రాజ్‌మా, అడవిలో సేకరించిన చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు అక్కడికి దిగుతాయి. ఉప్పు, బట్ట, ఎండుచేప, ఇనుప పనిముట్లు మైదానం నుంచి ఎక్కుతాయి. ఈ రెండు రకాల సరుకుల మధ్య ప్రతివారం జరిగే మార్పిడి అంతా ఒక నిష్పత్తి లెక్క. ఆ లెక్కను శాస్త్రం ఎలా చెప్పింది, సంత ఎలా నడిపింది అన్నవి వేర్వేరు ప్రశ్నలు. వాటిని కలిపి చూసినప్పుడే కొలతల చరిత్ర అర్థమవుతుంది.

2. గణిత గ్రంథాల్లో త్రైరాశికం

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఈ సూత్రం ఉంది. తెలిసిన పరిమాణం ప్రమాణరాశి, దాని ధర ఫలరాశి, మనం కోరే పరిమాణం ఇచ్ఛారాశి. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం వస్తుంది. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలానికి చెందిన మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో త్రైరాశికానికి ప్రత్యేక ప్రకరణం కేటాయించాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెలుగు చేశాడు. తెలుగులో శాస్త్ర రచనకు తొలి ఉదాహరణల్లో ఒకటిగా సాహిత్య చరిత్రకారులు దీన్ని పేర్కొంటారు. మూలంలోని జైన ప్రస్తావనల స్థానంలో శైవ ప్రస్తావనలు చేర్చడం వంటి మార్పులను బట్టి, మల్లన దీన్ని తన పాఠకుల లోకానికి దగ్గర చేయదలచాడని గ్రహించవచ్చు.

ఈ సూత్రానికి ఎదురు రూపం వ్యస్త త్రైరాశికం. ఇందులో ఒక రాశి పెరిగితే రెండోది తగ్గుతుంది. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు దీనికి చూపిన ఉదాహరణల్లో ధాన్యపు కొలత ఒకటి. 7 ఆఢకాలు పట్టే పాత్రతో కొలిస్తే 100 కొలతలు వచ్చిన రాశి, 5 ఆఢకాల పాత్రతో కొలిస్తే 140 కొలతలు అవుతుంది. రాశి అదే, పాత్ర చిన్నదైన కొద్దీ అంకె పెద్దదవుతుంది. మన్యపు సంతను అర్థం చేసుకోవడానికి ఈ ఉదాహరణే తాళంచెవి.

3. కొలపాత్ర, తూకం, నాణెం

తెలుగునాట ధాన్యానికి పాత్రకొలత ప్రధానం. స్థూలంగా 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 4 మానికలు ఒక కుంచం. ఆపైన తూము, పుట్టి. ఈ వరుస విలువలు ఊరూరికీ మారేవి. గిద్దెడు, సోలెడు, మానెడు, కుంచెడు అనే మాటలు ఈ పాత్రల నుంచి పుట్టినవే. పాత్రలు అటకెక్కినా ‘పుట్టెడు దుఃఖం’ మన నోట నిలిచింది.

తూకంలో 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. నాణెంలో రూపాయికి 16 అణాలు. ఎనిమిదులు, పదహార్లు ఉన్నచోట సగం, పాతిక, పరక లెక్కలు నోటితోనే తేలతాయి. వీశె 12 అణాలైతే అరవీశె 6, పావువీశె 3 అణాలు. కాగితం లేని త్రైరాశికం ఇదే. కనుక అక్షరం రానివారికి నిష్పత్తి రాదని భావించడం సరికాదు.

4. సంతలో వ్యస్త త్రైరాశికం

లెక్క సరిగా ఉన్నా నష్టం ఎలా వస్తుంది? కుంచానికి కుంచం చొప్పున వలిసెలకు ఉప్పు మార్చుకొన్నారనుకొందాం. వలిసెలు కొలిచేటప్పుడు గింజ కుంచం అంచు దాటి కుప్పగా నిలిచి, 4¼ మానికలు పట్టింది. ఉప్పు కొలిచేటప్పుడు అంచు కింద వెలితి వదిలితే 3¾ మానికలే పట్టింది. 20 కుంచాలకు 20 కుంచాలు చెల్లాయి. లెక్కలో తప్పు లేదు. కాని గిరిజనుడు ఇచ్చింది 85 మానికలు, పుచ్చుకొన్నది 75. నూటికి సుమారు 12 వంతుల నష్టం అంకెల్లో ఎక్కడా కనబడదు. త్రైరాశికంలో ప్రమాణరాశి, ఇచ్ఛారాశి ఒకే జాతివై ఉండాలన్న నియమం ఇక్కడ పేరులో మాత్రమే నిలిచింది.

సరుకు స్థితి మారినా ఇదే చిక్కు. పచ్చిపసుపు, ఎండుపసుపు ఒకటి కావు. చింతకాయ బరువు వేరు, పిక్క తీసిన చింతపండు బరువు వేరు. కాఫీలో ఐదారు కిలోల పండుకు సుమారు ఒక కిలో గింజ వస్తుంది. ఏ స్థితిలో తూచారో చెప్పని ధర సగం ధరే.

5. చట్టం, సహకార సంస్థ, దశాంశ పద్ధతి

మద్రాసు ప్రభుత్వం 1917లో చేసిన ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం గిరిజనుల అప్పుపై వడ్డీని ఏడాదికి నూటికి 24గా పరిమితం చేసింది. అసలు, కాలం, వడ్డీ కలిసిన లెక్క పంచరాశికం. 50 రూపాయలకు రెండేళ్ల వడ్డీ 24 రూపాయలు. ఆ వడ్డీని పంట రూపంలో తీర్చారనుకొందాం. సంతలో రూపాయికి 4 మానికలు నడుస్తుండగా రుణదాత 5 మానికల చొప్పున కొలిపించుకొంటే, 96 మానికలకు బదులు 120 మానికలు చేరతాయి. వాటి విలువ 30 రూపాయలు. అంటే ఏడాదికి నూటికి 30. పత్రంలో చట్టం నిలుస్తుంది, కుంచంలో జారిపోతుంది. వడ్డీని కట్టడి చేసి మారకపు రేటును విడిచిపెడితే రక్షణ సగంలో ఆగుతుంది.

ఆ మిగిలిన సగాన్ని పట్టించుకొన్నది 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ. అటవీ ఫలసాయాన్ని ముందే ప్రకటించిన ధరకు కొనడం, నిత్యావసర సరుకులను డిపోల ద్వారా అమ్మడం దాని విధులు. త్రైరాశిక పరిభాషలో చెప్పాలంటే, ప్రమాణఫలాన్ని సంతకు ముందే బహిరంగం చేయడం.

అదే దశకంలో కొలమానాలూ మారాయి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా అమలయ్యాయి. వీశె సుమారు 1,400 గ్రాములు. వీశె 14 అణాలైన సరుకు కిలో 10 అణాలు, అంటే 62½ నయాపైసలు. ఈ అరపైసే చిల్లర బేరంలో సమస్య. అణా విలువ 6¼ నయాపైసలు కాగా చెల్లింపులో దాన్ని 6గా లెక్కించారు. ఒక్కొక్క అణా చొప్పున 16 సార్లు అమ్మినవారికి 100కు బదులు 96 నయాపైసలు చేతికొస్తాయి. ఒకేసారి ఎక్కువ అమ్మేవారికి తాకని ఈ కోత, తట్టెడు సరుకుతో సంతకొచ్చే స్త్రీకి తాకుతుంది. అయినా దేశమంతటా ఒకే కిలో రావడం వల్ల కొలపాత్ర చాటున దాగిన నష్టాన్ని నిలదీసే ఆధారం మొదటిసారి దొరికింది.

6. ముగింపు

త్రైరాశికం మూడు రాశులను ఇచ్చి నాల్గవదాన్ని అడుగుతుంది. ఆ మూడింటినీ ఎవరు నిర్ణయిస్తారన్నది గణితం అడగదు. ఆ ప్రశ్న చరిత్రది. ధరను ఒకరు, పాత్రను ఒకరు, సరుకు స్థితిని మరొకరు తేల్చేచోట సూత్రం ఎంత సరైనదైనా ఫలం న్యాయమైనది కాకపోవచ్చు. సారసంగ్రహ గణితం వంటి గ్రంథాలను భాషా, ఛందో దృష్టితోపాటు కొలతల చరిత్రకు ఆకరాలుగానూ చదవాలి. మన్యంలో వినబడే కొలపదాలను, వాటి పరిమాణాలను, అవి కొలిచిన సరుకులను ఊరూరా సేకరించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. పదాన్ని దాని పరిమాణంతో సహా నమోదు చేసిన నిఘంటువే ఆ సంతల లెక్కను మనకు తిరిగి చెప్పగలదు.